ఒక కెమెరా, రెండు ఊళ్ళు, ఒకటే ముహూర్తం

ఆ ఏడాది నేను పోగొట్టుకున్నవన్నీ ముందే చెప్పేస్తాను. తొమ్మిది పెళ్ళిళ్ళు. మూడు నామకరణాలు. ఒక గృహప్రవేశం, అదీ మా వీధిలోనే, మా ఇంటికి నాలుగో ఇల్లు. నందవరం బస్సులో మరచిపోయిన కెమెరా స్టాండు ఒకటి. పందిట్లో ఎవరి కాలో తగిలి విరిగిన ఫ్లాష్ గొడుగు ఒకటి. బళ్ళారి బస్టాండులో తెగిపోయిన చెప్పుల జత ఒకటి. మా ఆవిడ నాతో మాట్లాడని మూడు రోజులు. వీటన్నిటికీ మించి, లెక్కల్లో నన్ను మించినవాడు లేడని చాలా ఏళ్ళుగా నాకున్న నమ్మకం. అది పోవడానికి మాత్రం ఒక టీ తాగేంత సేపు చాలింది.

ఇన్ని పోయినా, పనిచేసిన కాలం మొత్తంలో ఎక్కువగా నవ్విన ఏడాది ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

మొన్న ఉగాదికి ఎమ్మిగనూరులో నా స్టూడియో షట్టరు దించేశాను. వయసు మరీ మించిపోలేదు కానీ మోకాళ్ళు స్టేజీ మెట్లు ఎక్కబోమని మొండికేశాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఇంటికి వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతారు. "అన్నా, పెద్ద కెమెరా కొనాల్నా, ఉండేదాంతోనే ఈడ్చాల్నా?" ఒక్క మాటలో జవాబు చెప్పలేక వాళ్ళకు టీ ఇచ్చి పంపిస్తుంటాను. ఎందుకు చెప్పలేనో ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరే తేల్చుకోండి.

మాది మగ్గాల ఇల్లు. నాన్న నేశాడు, మా ఆవిడ ఇప్పటికీ నేస్తుంది. నేను పదో తరగతి దగ్గర ఆగిపోయి కెమెరా పట్టుకున్నాను. ఫోటోలు తీయడం గానీ, లెక్కలు గానీ నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒక చీరకు నూలెంత, రంగెంత, కూలెంత, చివరికి చేతిలో మిగిలేదెంత అని నాన్న మగ్గం గుంతలో కూర్చునే నోటితో వేసే లెక్కలు విని విని నాకూ అదే అలవాటైంది. బస్సెక్కితే సీట్లు లెక్కపెడతాను. పెళ్ళికి పోతే భోజనాల దగ్గర ఆకులు లెక్కపెడతాను. ఎన్ని ఆకులు లేచాయో తెలిస్తే స్టేజీ మీద ఫోటోలకు ఎంతసేపు పడుతుందో చెప్పగలను.

నా దగ్గర ఉన్నది మామూలు కెమెరా. ఎండలో అది రాజు. పందిట్లో, దీపాల వెలుగులో మాత్రం ఫోటో నిండా చుక్కలు పడేవి. మా ప్రాంతంలో చాలా ముహూర్తాలు తెల్లవారకముందే. ఫ్లాష్ కొడితే ముఖాలు సున్నం కొట్టిన గోడల్లా వచ్చేవి, కొట్టకపోతే చుక్కలు. అంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ ఏడాది పెద్ద కెమెరాలతో కుర్రవాళ్ళు దిగారు. పెద్ద కెమెరా అంటే చూడటానికి పెద్దది కాదు. లోపల వెలుతురును పట్టే పలక పెద్దది. అది చీకట్లో కూడా చూస్తుంది.

ఒక పెళ్ళికూతురి తమ్ముడు నా ఆల్బమ్ తిరగేసి మొహమాటం లేకుండా అన్నాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. మా అక్క మొగం మీద రాగిపిండి సల్లినట్టు ఉండాది."

"అది దీపం వెలుగప్పా, సహజంగా ఉంటాది."

"మా సిన్నాయన కూతురి పెండ్లికి కూడా దీపమే ఉండె. ఆ పాప మొగం మీద ఏ పిండీ లేదు."

ఆ ఇంట్లో తరువాతి పెళ్ళి నాకు రాలేదు. పైన చెప్పిన తొమ్మిదిలో అది మొదటిది.

పెద్ద కెమెరా, దానికి తగిన లెన్సు ఒకటి, కలిపి రెండు లక్షల అరవై వేలు. నా దగ్గర అంత లేదు. ఇంట్లో ఉన్నది మిద్దె డబ్బు. మాది మట్టి మిద్దె. వాన వస్తే సరిగ్గా మా ఆవిడ మగ్గం మీదే కారేది. పడుగు తడిస్తే వారం పని పాడవుతుంది. ఆ కప్పు తీసేసి శ్లాబు వేయించాలని ఆమె నాలుగేళ్ళుగా కూలి డబ్బుల్లోంచి మిగిల్చి ట్రంకు పెట్టెలో దాచింది. లక్షా నలభై వేలు. ఆ పెట్టె వైపు చూడటానికి కూడా నాకు ధైర్యం లేదు.

అప్పుడు నాకు లెక్క తట్టింది. ఏడాదికి నాకు పెళ్ళిళ్ళు యాభైకి మించవు. అంటే కెమెరా మిగిలిన మూడు వందల పైచిలుకు రోజులు బీరువాలో నిద్రపోతుంది. నిద్రపోయే వస్తువుకు పూర్తి ధర ఎందుకు పెట్టాలి? ఇద్దరు కలిసి కొంటే సగం సగం. నా పనులు నావి, అతని పనులు అతనివి. ఇద్దరివీ కలిపినా వంద రోజులే. కెమెరాకు ఇంకా విశ్రాంతి మిగులుతుంది. ఎన్నిసార్లు వేసినా లెక్క తప్పలేదు.

ఆ రెండో మనిషి ఆదోనిలో ఉన్నాడు. నా ఈడువాడే, బస్టాండు దగ్గర స్టూడియో. ముందు మేము పోటీదార్లం. ఒకసారి ఒకే పెళ్ళికి పిల్ల తరఫున నేను, పిల్లవాడి తరఫున అతను వచ్చి, ఒకరి ఫోటోలో ఒకరం అడ్డంపడి, రోజంతా తిట్టుకుని, మధ్యాహ్నం ఒకే బంతిలో భోజనానికి కూర్చుని స్నేహితులమయ్యాం. పెద్ద బొజ్జ, పెద్ద నవ్వు. అతను నవ్వితే పెళ్ళివాళ్ళు కూడా నవ్వేవాళ్ళు, అందుకే అతని ఫోటోలు బాగుంటాయని నా అనుమానం.

నా లెక్క వినిపించాను. అతను బొజ్జ నిమురుకుంటూ విన్నాడు.

"అప్పా, నాకు లెక్కలు రావు. నువ్వు సెప్తే సరే. నాకొక పెద్ద పని కూడా ఒచ్చింది. పత్తి దళారి ఒకాయన, కూతురి పెండ్లి. పెద్ద కెమెరా అయితేనే అన్నాడు. యాభై వేలు అడ్వాన్సు ఇచ్చినాడు. అది కూడా దీంట్లోనే ఏస్తా."

"పెద్ద కెమెరా రాకపోతే?"

"తాళి కట్టేటప్పుడు కనపడకపోతే అడ్వాన్సు ఎనక్కి ఇయ్యాలంట. ఆయప్ప పత్తిలో తేమనే ఒదిలిపెట్టడు, నన్ను ఒదిలిపెడతాడా?"

ఇక మిగిలింది ట్రంకు పెట్టె. మా ఆవిడ మగ్గంలోంచి లేవకుండానే విన్నది. పేక నూలు మోసే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంది.

"ఇద్దురూ కలిసి ఒకటి కొంటారా?"

"అవును. సగం ధరే కదా."

"ఇద్దురికీ ఒకేసారి కావాల్సొస్తే?"

"మూడు వందల అరవై ఐదు రోజులుండాయి గదా. ఎందుకొస్తాది?"

నాడె ఆగింది. ఆమె లేచి పెట్టె తెరిచింది. "నీ లెక్క నాకు తెల్దు. నా లెక్క ఒకటే. వచ్చే ఉగాది లోపల ఈ దుడ్డు మల్ల ఈ పెట్టెలో ఉండాల. వానలకు ముందే శ్లాబు పడాల. లేకుంటే ఆ కెమెరా మీద గోనెపట్ట కప్పి మగ్గం మీద పెడతా, దాని మీద కారనీ."

ఇదీ పందెం. నా సగం లక్షా ముప్పై వేలు. పెట్టెలో మిగిలింది పదివేలు.

బళ్ళారి వెళ్ళి కొన్నాం. దుకాణం ఆయన పెట్టెను మా ముందుకు తోస్తూ "తగొళ్ళి, తగొళ్ళి" అన్నాడు, కన్నడంలో తీసుకోండని. ఎవరి ముందుకు తోయాలో తెలియక మధ్యలో పెట్టాడు. ఇద్దరం ఒకేసారి చేతులు చాచాం. చూడబోతే చాలా చిన్న కెమెరా. నా పాతది, కింద బ్యాటరీ గూడు, పైన ఫ్లాష్ తగిలిస్తే దీనికి రెండింతలు ఉంటుంది. నొక్కితే చప్పుడు కూడా లేదు. మిత్రుడు చెవి దగ్గర పెట్టుకుని "ఇది బతికుండాదా?" అని అడిగాడు.

ఆదోనికి తిరిగి వచ్చి, టీ అంగట్లో కూర్చుని, గోడకున్న క్యాలెండరు దించమన్నాం. నా తేదీలు నేను ఎర్ర పెన్నుతో, అతనివి అతను నీలం పెన్నుతో చుట్టాలి. నేను ముందు చుట్టాను. క్యాలెండరు అతనికిచ్చాను. అతను మొదటి తేదీ దగ్గర పెన్ను ఆపాడు. అది నేను చుట్టేసిందే. రెండోదీ అంతే. మూడోదీ. పేజీ తిప్పాడు. నా ఎర్ర సున్నాల మీద నీలం సున్నాలు వేసుకుంటూ పోయాడు. పెన్ను కింద పెట్టి నా ముఖం చూశాడు.

"అప్పా, నీ లెక్కలో అయ్యోరు లేడా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. టీ అంగడి ఆయనకే ముందు అర్థమైంది.

"ఎమ్మిగనూరుకొక పంచాంగం, ఆదోనికొక పంచాంగం ఉంటాదా యాడన్నా? ముహూర్తముండే నాడు అందరూ పెండ్లి సేస్తారు, లేని నాడు ఎవురూ సెయ్యరు. మూడు నూర్ల అరవై ఐదు రోజులని లెక్కేసిందెవురు?"

మిత్రుడు వేలు పెట్టి నన్ను చూపించాడు.

చాలా ఏళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నవాడిని. ఒక రోజు నాలుగు పెళ్ళిళ్ళకు పిలుపు వచ్చి మూడు వదులుకోవడం, తరువాత నెలరోజులు ఈగలు తోలుకోవడం నాకు తెలియనిది కాదు. అయినా సరాసరి లెక్క వేసేటప్పుడు అన్ని రోజులూ ఒకేలా కనిపించాయి. కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఏడాదికి ఎన్ని రోజులు వాడతారో కాదు, ఏ రోజులు వాడతారో చూసుకోండి.

మిత్రుడు కోప్పడతాడని కాచుకున్నాను. అతని బొజ్జ కదలడం మొదలైంది. తరువాత భుజాలు. తరువాత అంగడి బల్ల. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. టీ ఆయన కూడా నవ్వాడు. చివరికి నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే ఆమె మాత్రం నవ్వలేదు. మొదట్లో చెప్పిన మూడు రోజులు అవే.

ఇక పత్తి దళారి కూతురి పెళ్ళిరోజు. అదే రోజు నాకు నందవరం అవతల ఒక పల్లెలో పెళ్ళి ఉంది. నాది తెల్లవారుజామున, ఆదోనిది పదిన్నర దాటాక. మేము వేసుకున్న పథకం సులువైనది. పల్లె పెళ్ళి కొత్త కెమెరాతో తీసి, ఎనిమిది గంటల బస్సెక్కి ఎమ్మిగనూరు, అక్కడి నుంచి ఆదోని. తాళి కట్టేలోగా చేర్చేస్తాను. తన పాతది అమ్మి వాటాలో కలిపేశాడు కాబట్టి, అంతదాకా మిత్రుడు నా పాత కెమెరాతో నెట్టుకొస్తాడు.

పల్లెలో సరిగ్గా ముహూర్తం వేళకు కరెంటు పోయింది. మామూలుగా అయితే నా గుండె ఆగిపోయేది. ఆ రోజు మాత్రం ఫ్లాష్ తీసి సంచిలో పడేశాను. దీపాలు, కర్పూరం, తూర్పున కొంచెం తెలుపు, అంతే వెలుతురు. జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడు పిల్ల కళ్ళెత్తి చూసిన చూపు తెరమీద కనిపించగానే పెద్దది చేసి మళ్ళీ చూశాను. చుక్క లేదు, పిండి లేదు. మా ఆవిడ డబ్బు ఎక్కడికీ పోలేదు, ఇందులోనే ఉంది అనుకున్నాను.

చిక్కు తరువాత వచ్చింది. చదివింపులు చదివించినవాళ్ళు వరుసగా స్టేజీ ఎక్కి పెళ్ళిజంటతో నిలబడుతున్నారు. నేను తీసేస్తున్నాను. వాళ్ళు దిగడం లేదు. చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెప్పవేయకుండా నన్నే చూస్తున్నారు.

"అయిపాయె, దిగండవ్వా," అన్నాను ముందున్న ముసలామెతో.

"యాడ అయిపాయె? మెరుపు పడలే."

"మెరుపు లేకుండానే పడతాది అవ్వా ఇది."

"సప్పుడన్నా రాలేదే! వాళ్ళకు కొట్టి మాకు ఎగ్గొడతాండావా? మేము సదివిచ్చింది తక్కువా?"

"అందరికీ ఇట్లే తీస్తాండానవ్వా."

వరుసలోంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. "మా కాలంలో రీలు మిగిలించుకునేదానికి ఉత్త మెరుపు కొట్టేటోళ్ళు. అది మేలు, మెరుపన్నా దక్కేది. ఈయప్ప మెరుపు కూడా మిగిలించుకుంటాండాడు!"

నమ్మించడానికి అవ్వకు తెర చూపించాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి లేదు. అవ్వ కళ్ళజోడు కోసం మనిషిని పంపింది. అవ్వకు చూపించాడంటే మాకూ చూపించాలని వెనకవాళ్ళు పైకి వచ్చారు. దిగిపోయినవాళ్ళు కూడా తమ ఫోటో పడిందో లేదోనని మళ్ళీ ఎక్కారు. స్టేజీ కిర్రుమంది. ఎనిమిది గంటల బస్సు హారను నాకు స్టేజీ మీదే వినిపించింది.

చివరికి సంచిలోంచి ఫ్లాష్ తీసి కెమెరా నెత్తిన పెట్టాను. ఒకసారి మెరిపించాను. అవ్వ ముఖం విప్పారింది.

"ఆ, ఇప్పుడు పడింది. ఇంతసేపూ ఏం సేస్తాంటివప్పా?"

బయటికి వచ్చేసరికి రోడ్డు మీద బస్సూ లేదు, ఆటో లేదు. అక్కడ నిలబడి లెక్క వేశాను. తరువాతి బస్సుకు పోతే ఆదోనిలో తాళి కట్టి, భోజనాలు మొదలవుతాయి. యాభై వేలు వెనక్కి. అది వెనక్కిచ్చేందుకు మిత్రుడి దగ్గర లేదు, నా దగ్గర లేదు. కెమెరా అమ్మాలి. కొన్న నెలలోనే అమ్మితే మూడో వంతు పోతుంది. అంటే ఉగాదికి పెట్టె నిండదు. ఈసారి లెక్క తప్పదని నాకు బాగా తెలుసు.

అప్పుడు వెనక నుంచి ఒక టెంపో వచ్చింది. పెళ్ళిలో మేళం వాయించిన బజంత్రీలది.

"ఏమన్నా, ఆదోనికేనా? మాకు కూడా ఆడ ఇంగో మంటపంలో పదిన్నరకే ఉండాది. ఎక్కు."

ఎందుకు ఆశ్చర్యపోవాలి? ముహూర్తం నాకూ, మిత్రుడికీ మాత్రమే ఒకటా? మేళానికీ అంతే, వంటవాళ్ళకూ అంతే, మంత్రాలు చదివే అయ్యవారికీ అంతే. డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో సంగతి చెబితే సన్నాయి ఆయన డ్రైవరు భుజం తట్టి మరీ వినిపించాడు.

"విన్నావా? ఈ అన్న, ఆదోని అన్న కలిసి ఒకటే డోలు కొన్నారంట. ఒకే గడియలో రెండు ఊర్లలో వాయిస్తారంట."

"అట్లయితే దెబ్బ ఒక ఊర్లో, సప్పుడు ఇంగో ఊర్లో," అన్నాడు డ్రైవరు. ఎమ్మిగనూరు చేరేవరకు అందరూ నవ్వుతూనే ఉన్నారు. అక్కడ బొరుగులతో చేసే ఉగ్గాని పొట్లాలు కట్టించుకుని, నడిచే బండిలోనే నాకూ ఒకటి పెట్టారు. డోలు మీద పెట్టుకుని తింటుంటే డోలు ఆయన ముఖం చిట్లించాడు.

కల్యాణ మంటపం గేటు దగ్గర దూకేసరికి లోపల గట్టిమేళం మొదలైంది. ఎన్ని అంగల్లో స్టేజీ చేరానో తెలియదు. చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. అక్షింతలు గాలిలో ఉన్నాయి. మిత్రుడు నా పాత కెమెరాతో, పైన తన పెద్ద ఫ్లాష్, కింద బ్యాటరీ గూడు, చెమటలు కక్కుతూ మెరుపు మీద మెరుపు కొడుతున్నాడు. నన్ను చూశాడు. నేను తలదించుకున్నాను.

పత్తి దళారి స్టేజీ దిగి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. ఎత్తైన మనిషి, నవ్వడం అలవాటు లేని ముఖం. మిత్రుడు నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

"పెద్ద కెమెరా అంటే ఏమో అనుకుంటిమి. అబ్బా, ఏం మెరుపప్పా! మా బావ ఇప్పటిదాంకా కండ్లు నులుముకుంటాండాడు. దుడ్డుకు తగ్గట్టే ఉండాది."

తరువాత నా మెడలోని కొత్త కెమెరా వైపు చూశాడు. "ఈ బుడ్డదేంది? ఈయప్ప ఎవరు?"

"మా పార్ట్‌నరన్నా," అన్నాడు మిత్రుడు.

"సరే, ఆ బుడ్డదాన్ని పిల్లోళ్ళకు, వంటోళ్ళకు పెట్టుకోండి. స్టేజీ మీదికి తేవద్దు, సిన్నతనంగా ఉంటాది."

ఆయన అటు వెళ్ళాడో లేదో మిత్రుడి బొజ్జ కదిలింది. నవ్వు ఆపుకోలేక ఇద్దరం పూలదండల గంపల వెనక్కి పోయి కూర్చున్నాం. రెండు లక్షల అరవై వేల వస్తువును వంటవాళ్ళకు పెట్టుకోమన్నాడు!

కథ ఇక్కడితో ఆగిపోతే నేను కొత్తవాళ్ళకు సులువుగా జవాబు చెప్పేసేవాడిని: కొనవద్దు, ఉన్నదానికి పెద్ద ఫ్లాష్ తగిలించుకోండి అని. ఆగలేదు.

సాయంత్రం అప్పగింతల వేళకు ముందు పెళ్ళికూతురి తండ్రి కనిపించడం లేదని వెతకడం మొదలుపెట్టారు. ఆయన మాటనే పట్టుకుని నేను బుడ్డ కెమెరాతో వంటవాళ్ళ దగ్గరే తిరుగుతున్నాను. వంటశాల పక్కన సామాన్ల గది. కిటికీ లేదు, పైన గవాక్షం ఒకటే. లోపల బియ్యం బస్తా మీద ఆ ఎత్తైన మనిషి ముడుచుకుని కూర్చుని కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. పెళ్ళికూతురు నాకంటే ముందే కనిపెట్టినట్టుంది. పట్టుచీరతోనే పక్క బస్తా మీద కూర్చుని ఉంది. ఏడుస్తున్న నాన్నను చూసి ఆమెకు నవ్వొస్తోంది. ఆమె నవ్వు చూసి ఆయనకూ నవ్వొస్తోంది. ఏడుపు ఇంకా పోలేదు, నవ్వు అప్పుడే వచ్చింది. వేరే మనిషి కనిపిస్తే రెండూ పోతాయి.

తలుపు సందులోంచి రెండు ఫోటోలు తీశాను. మెరుపు లేదు, చప్పుడు లేదు. వాళ్ళకు తెలియదు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

పది రోజుల తరువాత దళారి ఆల్బమ్ చూడటానికి ఆదోని స్టూడియోకు వచ్చాడు. నన్ను కూడా రమ్మని మిత్రుడు కబురు పెట్టాడు. కంప్యూటరు మీద ఫోటోలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. తాళి ఫోటోలు చూసి ఆయన తల ఊపాడు. సామాన్ల గది ఫోటో దగ్గర తల ఊపడం ఆపేశాడు. కుర్చీ తెరకు దగ్గరగా లాక్కున్నాడు.

"ఇదెవరు తీసినారు?"

"ఈయప్పన్నా," అన్నాడు మిత్రుడు.

"ఆడ దీపం లేదే! నా చెయ్యి నాకే కనపడలేదే!"

"అన్నా, ఒక మాట సెప్పాల. మీకు మాట ఇచ్చిన పెద్ద కెమెరా ఆ బుడ్డదే. అది తాళి కట్టే గడియకు అందలేదు. మీరు చూసిన మెరుపు మా పాతదానిది. అడ్వాన్సు ఎనక్కి అడిగితే ఇస్తాము, కొంచెం టైము కావాల."

చెప్పాల్సిన అవసరం లేదు. ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. మిత్రుడు చెప్పాడు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. దళారి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అంటే నేను సిన్నతనంగా ఉంటాదని వంటింట్లోకి పంపిచ్చింది..."

"అదేనన్నా."

ఆ ముఖం నవ్వడం నేను రెండోసారి చూశాను. మొదటిసారి బియ్యం బస్తా మీద. "నా కూతురు ఎల్లిపోయేటప్పుడు నవ్వినాదని నాకే గుర్తు లేదప్పా. ఏడుపే గుర్తుండాది. అడ్వాన్సు గిడ్వాన్సు ఏమొద్దు. దీన్ని తలుపంత సైజు చెయ్యండి."

ఆ ఫోటో మార్కెట్టు దగ్గర ఆయన దుకాణంలో, ఆయన కూర్చునే చోటికి ఎదురుగోడ మీద పెట్టించాడు. పత్తి అమ్మడానికి వచ్చిన ప్రతివాడికీ అది కనపడాల్సిందే. ఎవరు తీశారని అడగని వాళ్ళకు కూడా ఆయనే చెప్పేవాడు. చిప్పగిరి నుంచి, తుగ్గలి నుంచి కూడా పెళ్ళిళ్ళు వచ్చాయి. ఉగాదికి నాలుగు రోజుల ముందు ట్రంకు పెట్టెలో లక్షా ముప్పై వేలు తిరిగి పెట్టాను. మా ఆవిడ కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టింది. "సరిపాయె," అని మాత్రమే అన్నది. వానలకు ముందే శ్లాబు పడింది. మొదటి వాన వచ్చిన రోజు ఆమె మగ్గంలో కూర్చుని పైకి చూసుకుంటూ నేసింది, ఆ గజం బట్ట కొంచెం వంకరగా వచ్చిందని ఇప్పటికీ ఆమెను ఆటపట్టిస్తాను.

అయితే ముహూర్తాల చిక్కు తీరలేదు. మొదట్లో చెప్పిన పెళ్ళిళ్ళు, నామకరణాలు చాలావరకు ఆ చిక్కులోనే పోయాయి. పంచాంగం మా కోసం మారదు కదా. ఆ రోజు నేర్చుకున్నదాన్నిబట్టి మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకే రోజు ఇద్దరికీ పని పడితే, వెలుతురు తక్కువ ఉన్న పెళ్ళికి కొత్త కెమెరా. దీపాలు ధగధగలాడే మంటపానికి పాతది, పెద్ద ఫ్లాషుతో. కొత్త కెమెరా తీసుకున్నవాడు రెండోవాడికి ఒక ముహూర్తం బాకీ. ఇంకోసారి తిరిగి ఇవ్వాలి.

కాగితం మీద ఇది న్యాయమైన పద్ధతి. కానీ నావన్నీ పల్లె పెళ్ళిళ్ళు, తెల్లవారుజాములు, కరెంటు పోయే పందిళ్ళు. అతనివి ఎక్కువగా ఆదోని మంటపాలు. కాబట్టి కెమెరా నా వైపే వస్తూ ఉండేది. నాకు తెలిసి రెండు మూడుసార్లు అతనిదీ చీకటి పందిరే. ఫోన్ చేసి అడిగితే, "మా దగ్గర పట్టపగల్లాగా ఉండాది, నువ్వే తీస్కపో" అనేవాడు. తరువాత అతని ఆల్బమ్‌లో ఆ పెళ్ళి చూస్తే ముఖాల మీద రాగిపిండి ఉండేది.

షట్టరు దించిన రోజు కెమెరాను పెట్టెలో పెట్టుకుని ఆదోని వెళ్ళి అతని బల్ల మీద పెట్టాను. ఇక నుంచి పూర్తిగా నీదే అన్నాను. నా సగానికి ఎంత ఇమ్మంటావని అడిగాడు. ఏమీ వద్దు, ముందు బాకీ తేలాలి అన్నాను.

"బాకీ యాడిది?"

"ముహూర్తాలు. నేను తీసుకున్నవాటిలోంచి నువ్వు తీసుకున్నవి తీసేసినా."

"నీ లెక్కలు తెచ్చి నా ముందర పెట్టొద్దప్పా. ఒకసారి నమ్మి ఏడాదంతా బస్సుల్లో పరిగెత్తినా."

"ఈసారి అయ్యోరిని కూడా కలిపి వేసినా."

అతను నవ్వాడు. బల్ల మీద ఉన్న కెమెరా పెట్టె కూడా కదిలింది. అంకె వినడానికి మాత్రం ఒప్పుకోలేదు, చెవులు మూసుకున్నాడు. ఇప్పుడు తీర్చే దారి కూడా లేదు, నాకు పెళ్ళిళ్ళు లేవు కాబట్టి. కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న ఒకే ఒక్క కచ్చితమైన జవాబు ఆ అంకె కాబట్టి, అతను వినకపోయినా ఇక్కడ రాసేస్తున్నాను. నేటికి నేను అతనికి బాకీ పదిహేడు ముహూర్తాలు.